మాసాయిల పుట్టుక మీద నేను చేసిన బేరం

ఐర్లండులో స్లైగో దగ్గర మేము పనిచేసే వృద్ధుల హోమ్‌లో పొద్దున పక్కలు ఇద్దరు కలిసి వేయాలి. మూడేళ్ళుగా నాకు జోడీ కెన్యా నుంచి వచ్చిన ఒక మాసాయి అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ ఆమెకు నలభై దాటాయి. నాకు యాభై నాలుగు కాబట్టి ఆ హక్కు తీసుకుంటున్నాను. మిగతా తెలుగు నర్సులు నన్ను పిలవడం విని ఆమె కూడా అక్కా అనడం మొదలుపెట్టింది. మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను కాబట్టి ఆమె నోట చీరాల యాస వినబడితే అది నా తప్పు. జరిగినదాంట్లో తప్పులన్నీ నావే. ముందే చెప్పేస్తే నయం.

వాళ్ళ జాతి ఎక్కడ పుట్టిందో ఆమె నాకు ఒకేసారి కూర్చోబెట్టి చెప్పలేదు. ఒక్కో పక్కకు కొంచెం చొప్పున చెప్పింది. వాళ్ళ నాన్న చెప్పగా తను విన్నదట. చాలా చాలా కాలం కిందట వాళ్ళు ఉత్తరాన ఒక లోతైన లోయలో ఉండేవాళ్ళు. చుట్టూ నిట్టనిలువు కొండచరియలు. వానలు పోయాయి, గడ్డి మాడిపోయింది, ఆవులు పడిపోతున్నాయి. అప్పుడు పెద్దవాళ్ళు ఒకటి గమనించారు. పిట్టలు గూళ్ళు కట్టుకోవడానికి పచ్చగడ్డి ముక్కున కరుచుకుని వస్తున్నాయి. లోయలో పచ్చగడ్డి లేదు. అంటే పైన ఎక్కడో ఉంది. మనుషుల్ని పైకి పంపి చూసి రమ్మన్నారు. ఉందని తేలాక కొండకు వంతెన లాంటిది కట్టి ఆవులతో సహా ఎక్కడం మొదలుపెట్టారు. సగంమంది ఎక్కేసరికి అది విరిగిపోయింది. ఎక్కినవాళ్ళు మాసాయిలు. కింద మిగిలిపోయినవాళ్ళు వేరే జాతులయ్యారు.

"వాళ్ళని పైకి లాగలేదా?" అన్నాను, దుప్పటి మూల మడుస్తూ.

"ఎలా లాగుతారక్కా, వంతెన లేకపోతే?"

"కొత్తది కట్టొచ్చుగా."

"మా నాన్నని నువ్వడుగు. నేనడిగితే తన్నేవాడు."

ఆవుల సంగతి ఇంకా పాతది. దేవుడు ఆకాశం నుంచి ఒక తోలుతాడు వేలాడదీసి, దాని మీదుగా ఆవుల్ని కిందికి పంపాడట, మాసాయిల కోసం. ఆవులు లేని ఒక వేటగాడు అసూయతో ఆ తాడు కోసేశాడు. అక్కడితో పైనుంచి రావడం ఆగిపోయింది. కానీ అప్పటికే దిగినవన్నీ వాళ్ళవే. ప్రపంచంలో ఉన్న ప్రతి ఆవూ లెక్కకు వాళ్ళదే. ఈ మాట ఆమె ఏడో నంబరు గదిలో చెప్పింది. అక్కడ మంచం మీదున్న పెద్దాయన జీవితమంతా పశువుల్ని పెంచిన రైతు.

"నావి కూడానా?" అన్నాడాయన.

"మీవి కూడా. మా దగ్గర దొంగిలించినవే."

"అయితే ఆ చలిలో ఈనేటప్పుడు మీవాళ్ళు వచ్చి చూసుకోవాల్సింది" అని ఆయన నవ్వితే దగ్గు తెర వచ్చింది.

ఇంకొకటి చెప్పింది. వాళ్ళ దేవుడు ఒక్కడే గానీ రెండు రంగుల్లో ఉంటాడట. నల్లదేవుడు మంచివాడు, వాన తెస్తాడు. ఎర్రదేవుడు కోపిష్టి, కరువు తెస్తాడు. స్లైగోలో అందరూ మబ్బు చూసి మొహం ముడుచుకుంటే ఈమె మాత్రం కిటికీ దగ్గర నిలబడి, "మీ ఊళ్ళో ఎప్పుడూ నల్లాయనే డ్యూటీలో ఉంటాడక్కా" అనేది.

గాల్వేలో చదువుకుంటున్న మా అమ్మాయి ఇవి విని, ఊరుకోకుండా వెదికి చదివింది. మాసాయిల భాషకు చుట్టాలు నైలు నది పక్కన, ఇప్పటి దక్షిణ సూడాన్ వైపు ఉన్నాయట. కొన్ని వందల ఏళ్ళ పాటు ఆవుల వెనక నడుస్తూ దక్షిణానికి దిగారని, దారిలో కలిసినవాళ్ళ దగ్గర అలవాట్లూ మాటలూ తీసుకున్నారని, కొన్నిచోట్ల ఆ మనుషుల్నే కలుపుకున్నారని పండితులు అంటారట. ఎప్పుడో ఒక తెల్ల దొర మాత్రం వీళ్ళు ఇశ్రాయేలు నుంచి తప్పిపోయి వచ్చినవాళ్ళని రాశాడట. ఆ సంగతి మా జోడీకి ముందే తెలుసు. "మా నాన్నకి అదంటే నవ్వు" అంది. "మేము దారి తప్పలేదు, గడ్డి ఉన్న చోటికి వచ్చాం అంటాడు."

నేను ఆ దొర మాట ఒక్కటీ మనసులో దాచి పెట్టుకున్నాను. నాకు అలాంటివి దాచే బుద్ధి పుట్టుకతో వచ్చింది. మా నాన్నకు చీరాల గుడ్డల బజారులో చిన్న కొట్టు. కొనేవాళ్ళు "ఎక్కడిదండీ ఈ చీర?" అంటే ఆయన చీర వైపు చూసేవాడు కాదు, వాళ్ళ మొహం వైపు చూసేవాడు. ఒకరికి వెంకటగిరి, ఒకరికి మంగళగిరి. రెండూ అదే బేలు మూటలోంచి. ఆ కొట్లో కూర్చుని లెక్కలు చేసుకుంటూ పెరిగినదాన్ని. పుట్టిన ఊరు అనేది సరుక్కి కట్టే చీటీ అని, చీటీ మార్చినంత మాత్రాన గుడ్డ మారదని నా నమ్మకం.

మా తెలుగు క్రైస్తవుల కూడిక నెలకు రెండు శనివారాలు ఒక పారిష్ హాల్లో జరుగుతుంది. ప్రత్యేక కార్యక్రమాలు చూసేది నేను. ఆ ఏడు చలి మొదలయ్యేసరికి జనం పల్చబడ్డారు. డబ్లిన్ పక్కన ఆడమ్స్‌టౌన్ వైపు ఉన్న కూడికలో గిటార్లూ డ్రమ్సూ వచ్చాయి, మనవాళ్ళు మూడు గంటలు కారు నడిపి మరీ అక్కడికి పోతున్నారు. మా పాస్టరు అయ్యగారు అప్పుడే చెదిరిపోయిన ఇశ్రాయేలు గోత్రాల మీద వరసగా వాక్యం చెబుతున్నారు. ఆ గోత్రాలూ, నేను దాచుకున్న దొర మాటా నాకు ఒకేసారి కలిశాయి.

అదే వారం క్రిస్మస్ డ్యూటీల చార్టు గోడకు పెట్టారు. లెటర్‌కెన్నీలో ఆసుపత్రి వంటింట్లో పనిచేసే ఆమె భర్తకు ఆ రోజు సెలవు దొరికింది. ఈమెకు దొరకలేదు. నాకు దొరికింది. దుప్పట్లు పెట్టే ప్రెస్ దగ్గర, అంటే ఇక్కడివాళ్ళ మాటలో అలమరా దగ్గర, నేను మాట కదిపాను.

"క్రిస్మస్ నీకిచ్చేస్తాను."

చేతిలో మడత అలాగే ఆగిపోయింది. "నిజంగానా అక్కా?"

"నిజంగానే. బదులుగా మా కూడికలో పది నిమిషాలు మాట్లాడు. మీవాళ్ళ గురించే. నాకు రోజూ చెప్పేదే."

"పది నిమిషాలేం చాలుతుంది? మా నాన్న మొదలుపెడితే ఆవులు పడుకునేదాకా చెప్తాడు."

"అక్కడ ఆవులుండవు, బిర్యానీ ఉంటుంది. అది చల్లారకూడదు."

ఆమె నవ్వింది. ఎదుటివాళ్ళు నవ్వినప్పుడే ఇంకాస్త తగ్గించి అడగాలని మా బజారులో పసిపిల్లలకు కూడా తెలుసు.

"ఆ తోలుతాడు సంగతి వద్దులే" అన్నాను. "ఆకాశం నుంచి ఆవులు దిగాయంటే మావాళ్ళు నమ్మరు."

"మీ పుస్తకంలో ఆకాశం నుంచి రొట్టె దిగిందిగా?"

"రొట్టె తేలిక."

"అయితే ఏం చెప్పమంటావ్?"

"ఆ ఇశ్రాయేలు సంగతి చెప్పు."

"అది మాది కాదక్కా. ఎవరో దొర రాసుకున్నది. మా నాన్న వింటే నవ్వుతాడు."

"మీ నాన్న ఇక్కడికి రాడుగా."

ఈ మాట నేను అన్నాను. కోపంలో కాదు, తొందరలో కాదు. దుప్పట్లు లెక్కపెట్టుకుంటూ అన్నాను.

"కొందరు అలా అంటారు, అని చెప్తాను" అంది చివరికి.

"కొందరు అంటారంటే ఎవరు వింటారమ్మా? 'అక్కడినుంచి వచ్చాం' అను. ఒక్క మాట."

ఆమె గోడ మీది చార్టు వైపు చూసింది. "సరే" అంది.

నవంబరు శనివారం ఆమె ఎర్ర గళ్ళ గుడ్డ కప్పుకుని, మెడలో పూసల పట్టీలు వేసుకుని వచ్చింది. నేను వాట్సాప్‌లో 'ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రపు సహోదరి సాక్ష్యం' అని పెట్టిన దెబ్బకు హాలు నిండింది, లెటర్‌కెన్నీ నుంచి కూడా వచ్చారు. ఆమె లోయ గురించి రెండు ముక్కలు చెప్పి, నా వైపు చూస్తూ, అడిగిన వస్తువు తీసి బల్ల మీద పెట్టినట్టుగా ఆ ఒక్క మాట చెప్పింది. చప్పట్లు మోగాయి. అయ్యగారి కళ్ళు చెమర్చాయి. మనవాళ్ళు ఆమెతో వరసగా ఫోటోలు దిగారు. బిర్యానీ వేడిగానే ఉంది. ఆ రాత్రి మా కూడిక కుర్రాళ్ళు వీడియోకు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో పేరు పెట్టి వదిలారు. అది ఎక్కడెక్కడికి పోతోందో చూసుకుంటూ నేను మురిసిపోయాను.

డిసెంబరు రెండో వారంలో ఆమె పక్కలు వేస్తూ మాట్లాడడం మానేసింది. రెండు రోజులు చలి వల్ల అనుకున్నాను. మూడో రోజు అడిగాను.

"మా నాన్న నాతో మాట్లాడడం లేదు" అంది.

వీడియో నైరోబీలో ఉన్న ఆమె అన్న ఫోన్‌కు చేరింది. అక్కడినుంచి వాళ్ళ ఊరికి. పశువుల సంత రోజు నలుగురూ ఆ ముసలాయన చుట్టూ చేరి ఫోన్ చూపించి, "మీ అమ్మాయి మనల్ని దారి తప్పినవాళ్ళని చేసిందట కదా" అని ఆటపట్టించారు. ఆయన అమ్మడానికి తెచ్చిన ఆవును కూడా అమ్మకుండా తోలుకుని ఇంటికి వెళ్ళిపోయాడట. ప్రతి ఆదివారం ఈమె ఫోన్ చేస్తుంది. ఇప్పుడు ఆయన ఫోన్ పక్కవాళ్ళకు అందిస్తున్నాడు. "ఎక్కడినుంచి వచ్చిందో తెలియనిది ఎక్కడికి ఫోన్ చేస్తోంది?" అన్నాడని అన్న చెప్పాడు.

నేను మొట్టమొదట అడిగినదేమిటో రాయడానికి సిగ్గుగా ఉంది. "అసలు ఎవరు ఫార్వర్డ్ చేశారు?" అన్నాను. సరుకులో లోపం బయటపడగానే మోసుకొచ్చినవాడి మీద పడే కొట్టువాళ్ళలాగా.

ఆమె దుప్పటి అంచు లాగి పరుపు కింద దోపింది.

"నేను చెప్పనా మీ నాన్నకి, పొరపాటైందని?"

"పొరపాటు కాదుగా. నువ్వు అడిగావ్, నేను ఇచ్చాను."

క్రిస్మస్ రోజు ఆమె లెటర్‌కెన్నీ వెళ్ళింది. నేను ఆమె డ్యూటీ చేశాను. మధ్యాహ్నం టర్కీ పళ్ళాలు పంచుతూ, ఇప్పుడు ఫోన్ చేసి ఉంటుంది, ఇప్పుడు ఆయన ఎత్తి ఉంటాడు అనుకుంటూ గడిపాను. ఎత్తలేదట. వదినెకు ఇచ్చాడట. ఆ సెలవు కోసమే కదా ఆమె ఆ మాట అన్నది.

జనవరిలో అన్న ద్వారా ముసలాయన కబురు పెట్టాడు. అదే చోట, అదే మనుషుల ముందు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఎవరు చెప్పినా సరే. అప్పుడు మాట్లాడతాను. "నేను మాత్రం ఆ హాల్లో మళ్ళీ అడుగుపెట్టను" అంది ఆమె. "నేను చెప్తాను" అన్నాను. ఆమె ఒక కాగితం మీద అన్నీ వరసగా రాసిచ్చింది. లోయ, పిట్టలు, వంతెన, తాడు, నల్లదేవుడు, ఎర్రదేవుడు.

అయ్యగారికి ఫోన్ చేశాను.

"వందనాలు అయ్యగారూ. ఆ నవంబరు సాక్ష్యం గురించండి. అది నిజం కాదు."

"ఎంతమందికి ఆశీర్వాదకరమైందో తెలుసా అమ్మా? ఆడమ్స్‌టౌన్ వాళ్ళు కూడా అడిగారు."

"తెలుసండీ. అందుకే."

"కొంచెమన్నా నిజం ఉండకపోదులేమ్మా."

ఆ గొంతు నాకు బాగా తెలిసిన గొంతు, నాదే. ఐదు నిమిషాలు ఇస్తానన్నారు. ఎనిమిదికి ఒప్పించాను. క్షమాపణకు కూడా బేరమే.

ఇంట్లో మా అమ్మాయి ముందు నిలబడి చదివాను. పిట్టల దగ్గర తొందరపడితే ఆపింది. "అమ్మా, యూ కాంట్ ఎడిట్ సమ్‌బడీస్ డాడ్." దానిది అచ్చం ఇక్కడి యాస, మెత్తగా ఉంటూనే కోసేస్తుంది. "చెయ్యనులేవే" అన్నాను.

ఆ శనివారం హాల్లో లోయ చెప్పాను. పిట్టలు చెప్పాను, నిదానంగానే చెప్పాను. వంతెన విరిగితే వెనక బెంచీల్లో పిల్లలు తలలెత్తారు. తాడు మీదుగా ఆవులు దిగాయంటే ఇద్దరు ముగ్గురు నవ్వారు, అయినా నేను ఆగలేదు. ఆ తరువాత కాగితంలో నల్లదేవుడు. ముందు వరసలో అయ్యగారు ఒళ్ళో బైబిలు పెట్టుకుని నన్నే చూస్తున్నారు. ఆయన పక్కన కూర్చున్న పాస్టరమ్మగారి కనుబొమలు తాడు దగ్గరే పైకి వెళ్ళి ఇంకా దిగలేదు. ఇక రెండు రంగుల దేవుడు, అందులోనూ నలుపు మంచిది అంటే, వచ్చే నెల నుంచి ప్రత్యేక కార్యక్రమాలు ఇంకెవరో చూసుకుంటారు. నా కళ్ళు కాగితంలో ఆ పంక్తి దాటి కింది పంక్తికి వెళ్ళిపోయాయి. "ఇశ్రాయేలు మాట పొరపాటున వచ్చింది, క్షమించండి" అని ముగించాను. ఎవరి పొరపాటో చెప్పలేదు. ఎనిమిది నిమిషాల్లో ఒకటిన్నర మిగిలింది.

వీడియోకు ఇంగ్లీషు మాటలు కింద పడేలా చేయించి పంపాను. సోమవారం పక్కల దగ్గర ఆమె మొహం చూడగానే పని అయిపోయిందనుకున్నాను.

"ఫోన్ చేశాడా?"

"చేశాడు. నిన్న. మా అన్న ఒక్కో మాటా చెప్పి వినిపించాడట."

"మరి?"

"నల్లాయన ఎక్కడ అన్నాడు. ఎవరు తీసేశారు అన్నాడు."

నా చేతిలో దిండు గలీబు ఉంది. దాన్ని తిరగేశాను, మళ్ళీ తిరగేశాను.

"నువ్వేమన్నావ్?"

"నేనే తీసేశానన్నాను. కాగితం రాసిచ్చింది నేనేగా. అయితే ఫోన్ పెట్టెయ్ అన్నాడు. పెట్టేశాడు."

"అదెందుకు చెప్పావ్? నేనుగా తీసేసింది."

"నీ పేరు చెప్తే మా ఇంటి మాటని నువ్వు రెండుసార్లు కోశావని అర్థం. అలాంటి దానితో ఎందుకు పనిచేస్తున్నావ్ అంటాడు. నేను రోజూ నీతోనే పనిచేయాలి కదక్కా." కోపంగా అనలేదు. మంచానికి అటు పక్క దుప్పటి లాగుతూ, చార్టులో ఉన్నది చదివినట్టు అంది.

దిండుకు గలీబు తొడిగి పెట్టాను. తరువాత నా ఫోన్ తీశాను. "నంబరు చెప్పు. నీ ఫోనైతే ఎత్తడు. నాదైతే ఎవరో అనుకుని ఎత్తుతాడు."

"ఇంకా తెలివేనా?" అంది. కానీ నంబరు చెప్పింది.

ఇక్కడ పదకొండు, అక్కడ రెండు. ఎత్తాడు. వెనక ఆవుల మెడగంటలు. ఆయనకు ఇంగ్లీషు రాదు. మధ్యలో ఆమే మార్చి చెప్పాలి.

"నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు" అన్నాను.

"నువ్వా ఆ మాట అనేది?"

చెప్పాను. మొదటిసారి ఆ మాట అడిగింది నేను, మీ అమ్మాయి వద్దంది, నేను వదల్లేదు. రెండోసారి తీసేసింది కూడా నేనే, మా పాస్టరు ఎదురుగా ఉన్నాడని భయపడి తీసేశాను. మీ అమ్మాయి నా కోసం మీకు అబద్ధం చెప్పింది. ఆమె ఒక్కో ముక్కా వాళ్ళ భాషలోకి మార్చింది. చివరి ముక్క దగ్గర ఆగింది. "అది కూడా" అన్నాను. చెప్పింది.

ఆ తరువాత ఆయన ఏదో అడిగాడు.

"బదులుగా ఏమిచ్చావని అడుగుతున్నాడు."

"క్రిస్మస్ సెలవు."

ఆమె చెప్పింది. ఆయన మళ్ళీ అడిగాడు, చాలా చిన్న ప్రశ్న.

"ఒక్క రోజుకా, అంటున్నాడు."

చీరాల బజారు నుంచి స్లైగో దాకా నా బేరాన్ని ఇంత తక్కువ మాటల్లో ఎవరూ తేల్చలేదు. "అవును, ఒక్క రోజుకే" అన్నాను.

"తీసేసింది ఇప్పుడు చెప్పమంటున్నాడు."

కాగితం చొక్కా జేబులోనే ఉంది. తీయలేదు. నల్లదేవుడు మంచివాడు, వాన తెస్తాడు, గడ్డి మొలిపిస్తాడు అన్నాను. ఎర్రదేవుడికి కోపమెక్కువ, కరువు ఆయనది, ఇద్దరూ ఒక్కరే అన్నాను. బాప్తిస్మం తీసుకున్న నా నోటికి ఆ మాటలు బరువుగానే తగిలాయి, కాదనను. వచ్చే కూడికలో అయ్యగారి ముందు నిలబడి ఇదే చెప్తాను, మొదటిసారి ఆ మాట ఎవరు అనిపించారో కూడా చెప్తాను, నిమిషాలు అడగను అన్నాను. ఆమె అంతా మార్చి చెప్పింది. ఆయన బదులుగా ఏదో అన్నాడు. అది ఆమె నాకు మార్చి చెప్పలేదు. తనే జవాబిచ్చింది. ఆయన మళ్ళీ అన్నాడు. ఆమె ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, స్పీకర్ ఆపి, కారిడార్‌లోకి వెళ్ళింది.

ఆ వరసలో మిగిలిన గదులు నేనొక్కదాన్నే చేశాను. సూపర్‌వైజర్ తొంగి చూసి జోడీ ఏదని అడిగితే, "ఇంటినుంచి ఫోన్, గ్రాండ్, ఏం పర్లేదు, నేను చూసుకుంటాను" అన్నాను. ఏడో నంబరులో పెద్దాయన నిద్రపోతున్నాడు. కారిడార్ చివర ఆమె గొంతు ఒకసారి పెరిగింది, ఒకసారి మూగబోయింది, ఆ తరువాత చాలాసేపు మామూలుగా నడిచింది. అందులో నాకు తెలిసిన మాట ఒక్కటీ లేదు.

నలభై నిమిషాలకు వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమన్నాడు?"

"చుక్కల ఆవు ఈనిందట. పెయ్యదూడ. మొన్న సంతకు తోలుకెళ్ళి అమ్మకుండా తెచ్చాడు చూడు, అదే."

"ఇంకా?"

"మా వదినె కాలు బెణికిందట. బోరు మోటారు మళ్ళీ పాడైందట. ఆదివారం చెయ్యమన్నాడు."

ఉతికిన దుప్పట్ల బండిని ఇద్దరం తోసుకుంటూ లిఫ్టు దాకా వచ్చాం. బటన్ నొక్కి నిలబడ్డాం.

"నా గురించి ఏమన్నా అన్నాడా?"

ఆమె బండి మీది దుప్పట్లు సర్దింది. నన్ను బాధపెట్టకుండా ఏదో ఒకటి చెప్పాలని చూస్తోందని అర్థమైంది. ఆ తరువాత ఆ ప్రయత్నం మానుకుంది.

"లేదక్కా" అంది. "నీ గురించి ఏమీ అనలేదు."